సముద్రం వాసన

అంజవ్వ ముక్కు సంగతి సిద్దిపేటలో తెలియనివాళ్ళు లేరు. ప్రజ్ఞాపూర్ హోటల్లో పప్పు అడుగంటితే ఆమె కొండపాకలో మంచం మీది నుంచి లేచి "అయ్యో, దించున్రి!" అని అరిచేదట. ఒకసారి బస్సులో జేబుదొంగను వాడి వేళ్ళకంటిన పచ్చిపులుసు వాసనతో పట్టేసిందట. మల్లన్నకు బోనం వండే ఇంట్లో పుట్టిన మనిషి. దేవుడికి పెట్టకముందే రుచి చూస్తే ఎంగిలి. అందుకే డెబ్బై ఏళ్ళొచ్చినా పొయ్యి మీది కూర నాలుక మీద వేసుకోలేదు. ఉప్పు చాలిందో లేదో ఆవిరే చెప్పేది.

ఆ ముక్కు పోయి ఇరవై రోజులైంది. జ్వరం వచ్చి, పోతూ పోతూ వాసనలన్నీ మూటగట్టుకుపోయింది. మల్లెపూలూ మురికికాలువా ఒకటే అయ్యాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు, చేతి అలవాటుతో నెట్టుకొస్తోంది. చెబితే 'అలల ఒడ్డు'లో పొయ్యి ముందు చోటు ఇంకొకరిదవుతుంది. ఆ చోటు లేకపోతే తనెవరో అంజవ్వకే తెలియదు.

'అలల ఒడ్డు' భానుప్రకాశ్ పెట్టిన హోటల్. ఒకే ఒక్కసారి కాకినాడ పోయి, సముద్రం చూసి, వెర్రెత్తి తిరిగొచ్చాడు. చెరువు పక్కన ముప్పై లారీల ఇసుక పోయించి, గవ్వలు చల్లించాడు. ఆ ఇసుక చూసి చెరువులోని కప్పలు కూడా ఉప్పునీళ్ళేమో అనుకుని రెండ్రోజులు నీళ్ళు తాగలేదు. ప్రతి ఆదివారం పదకొండింటికి అక్కడ 'బ్రంచ్', అంటే టిఫినూ భోజనమూ కలిపి ఒకటే. తెల్లవారుజామున పిండితో మూత అతికించిన కుండలు నిప్పుల మీద ఆరు గంటలు నిదానంగా ఉడుకుతాయి. అందరి ముందూ మూత తీస్తారు. అంజవ్వ ఆవిరి మీదికి వంగి "అయింది" అంటుంది. ఆ ఒక్క మాట కోసం హైదరాబాద్ నుంచి కార్లు వేసుకుని వచ్చేవాళ్ళున్నారు.

ఆ ఆదివారం మొదటిసారి సముద్రపు చేప. తెచ్చే లారీ దారిలో చెడిపోయింది. పెట్టె వచ్చేసరికి మంచుగడ్డలన్నీ నీళ్ళైపోయాయి. నిప్పూ నీళ్ళూ చూసుకునే ఎల్లన్న పెట్టె విప్పి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"అక్కా, గిదేంది గింత కంపు? మన చెరువు చాపలు గిట్లుండయి గదా!"

అంజవ్వ వంగి గట్టిగా పీల్చింది. గాలి తప్ప ఏమీ లేదు.

"సముద్రం చాప గట్లనే ఉంటది తమ్మీ. నువ్వెన్నడన్న సముద్రం చూసినవా?"

"నేనేడ చూసిన్నే! నువ్వు చూసినవా?"

"నా ముక్కుకు చూసే పనేంది?"

ఎల్లన్న నవ్వి చింతపండు పిసకడానికి పోయాడు. చెరువు చేప ఎలా ఉండాలో ఆ ఊళ్ళో చిన్నపిల్లలకూ తెలుసు. సముద్రపు చేప ఎలా ఉండాలో అడుగుదామంటే అది కోసి వండిన మనిషి లేడు.

పదకొండింటికి మూత లేచింది. ముందు వరుస మొత్తం వెనక్కి జరిగింది.

"భయపడకున్రి! సముద్రం వాసనే గది. నేను పోయొచ్చిన, నాకెర్క!" అన్నాడు భానుప్రకాశ్.

అందరూ నవ్వారు. ఎనిమిదో నెల గర్భిణి సాహితి మాత్రం నవ్వలేదు. చేప తినాలనిపిస్తోందని మొగుడు హరీశ్‌ను బతిమాలి వచ్చింది.

"అవ్వా, నాకు గీ వాసన పడ్తలేదు. నేను తినొచ్చునా? నువ్వు తినుమంటె తింట."

అంజవ్వ వంగింది. ఆవిరి ముఖానికి వేడిగా తగిలింది, అంతే. చుట్టూ ఫోన్లు ఆమె వైపే తిరిగి ఉన్నాయి. నాకు వాసన రాదు అనబోయి పొయ్యి వైపు చూసింది.

"అయింది," అంది. "తిను బిడ్డా. మంచిగున్నది."

అవ్వ మాట నమ్మి సాహితి రెండుసార్లు వడ్డించుకుంది. గంట తిరగకముందే ఒళ్ళంతా దద్దుర్లు, ఆపకుండా వాంతులు. ఆమె వెనకే ఇంకో పదిమంది ఇసుకలో కూలబడ్డారు.

దవాఖానలో డాక్టర్ అడిగాడు. "చేప పాడైందా?"

"లేదు సార్, మా అవ్వ వాసన చూసింది," అన్నాడు భానుప్రకాశ్. "గీ ఎల్లన్న తెచ్చిన నీళ్ళే ఆగం జేసినయ్. బిందె కడగమంటె వినడు."

ఎల్లన్న ముఖం నల్లబడింది. "నేను కడిగిన సార్. అక్కా, నువ్వన్న చెప్పరాదు?"

అంజవ్వ గోడ పట్టుకుని నిలబడింది.

"నాకు వాసనొస్తలేదు సార్. ఇరవై దినాలాయె. చాపే ఖరాబైంది. ఎల్లన్న పొద్దుగాలనే చెప్పిండు, నేనే కాదన్న."

అది వినగానే డాక్టర్ మందు మార్చడానికి లోపలికి పరుగెత్తాడు. కడుపులో బిడ్డ గుండె నెమ్మదిస్తోందని, ఆపరేషన్ చేయాలని నర్సు వచ్చి హరీశ్‌తో సంతకం చేయించుకుంది. అతను కలం ఇచ్చేసి అంజవ్వ ముందుకొచ్చాడు. అరవలేదు.

"నిన్నే అడిగింది గదవ్వా. తెల్వదంటె ఏంబోయేది?"

"పొయ్యి కాడికెల్లి లేపుతరని భయమాయె బిడ్డా."

హరీశ్ దూరంగా పోయి నేల మీద కూర్చున్నాడు. గంటన్నరకు తలుపు తెరుచుకుంది. తల్లి బాగానే ఉందని నర్సు చెప్పింది. బిడ్డ గురించి తల అడ్డంగా ఊపింది. హరీశ్ లేచి ఆమె వెనకే లోపలికి పోయాడు.