గెంగ్ వైద్యుడి ఆఖరి శిష్యరికం

హెఫెయ్ వైద్య కాలేజీయా, నాన్‌జింగ్ వైద్య కాలేజీయా? వాన్‌చియుకి వచ్చిన మార్కులకి రెండిట్లో ఏదైనా దొరుకుతుంది. ఒంట్లో సన్నటి సూదులు దించి జబ్బులు నయంచేసే చైనా సూదివైద్యం నేర్చుకోవాలన్నది చిన్నప్పటి నుంచీ ఉన్న యావ. ఎటూ తేలక, తమ ఊరు బోజౌలో పేరున్న గెంగ్ వైద్యుణ్ణే అడిగింది. సెలవులొస్తే చాలు ఆయన కొట్లోనే పడి ఉండేది, మూలికలు తరుగుతూ, కషాయాలు కాస్తూ.

గెంగ్ టీలో తేలే ఆకుల్ని ఊదుకుంటూ నవ్వాడు. "కాలేజీలో ఏం నేర్పుతారే? బొమ్మని పడుకోబెట్టి పొడవమంటారు. బొమ్మకేం తెలుస్తుంది, దాని మొహం! నా గుమ్మం కంటే పెద్ద బడి ఎక్కడుంది? ఎండలు తగ్గాక మంచిరోజు చూసి నిన్నే ఆఖరి శిష్యురాలిగా చేర్చుకుంటా. ఆ తర్వాత తలుపు మూసేస్తా."

ఆఖరి శిష్యరికమంటే మాటలా? గురువు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నదంతా ఆ ఒక్కరికే దక్కుతుంది. ఆ శిష్యుడి చేతి టీ తాగాక ఇక ఎవరొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా ఇంకొకరిని చేర్చుకోడు. వాన్‌చియు ఆ మాటతో గాల్లో తేలిపోయింది. కాలేజీలు ఎంచుకునే గడువు దాటిపోతున్నా కంప్యూటరు జోలికి పోలేదు.

"నోటిమాట నమ్ముకుని సీటు వదులుకుంటావుటే?" అని వాళ్ళమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది.

"ఆయన మాటంటే మాటేనమ్మా," అంది వాన్‌చియు.

ఆ రోజు రానే వచ్చింది. కొత్త నీలం జాకెట్టు వేసుకుని, గెంగ్ ఇంటి హాలు తనే ఊడ్చి, మూతకప్పు తనే కడిగి, నీళ్ళు తనే కాచింది. ఊళ్ళోని పెద్ద వైద్యులంతా వచ్చారు. ఆరోగ్యశాఖ అధికారి ఫాన్ తన కొడుకు లిన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళూ చూడ్డానికే వచ్చారనుకుంది.

పెద్ద కుర్చీలో కూర్చున్న గెంగ్ టీ తెమ్మన్నాడు. రెండు చేతులా కప్పు పట్టుకుని ఆమె మోకాలు వంచింది.

"నువ్వు కాదు. అబ్బాయికివ్వు," అన్నాడాయన మెల్లగా, ఆమె వంక చూడకుండా.

లిన్ కప్పు అందుకుని, మోకరిల్లి, నేలకు నుదురు ఆనించాడు. గెంగ్ టీ తాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అంతటితో ఊరుకున్నాడా ఆ గెంగ్ పెద్దమనిషి? "నా శిష్యుడికి హెఫెయ్‌లో సీటు కూడా వచ్చింది. డిగ్రీ లేకపోతే ఈ రోజుల్లో ఎవడు వైద్యుడంటాడు?" అని మురిసిపోయాడు. ఎంత నమ్మించి గొంతు కోశాడో చూడండి!

వంటింట్లోకి వెళ్ళిన వాన్‌చియు వెనకే గెంగ్ వచ్చాడు. "ఏంటే ఆ మొహం? వాళ్ళ నాన్న అండ ఉంటే మన కొట్టు నిలబడుతుంది. నువ్వు రేపు పెళ్ళి చేసుకుంటే నా విద్య పరాయింటికి పోదూ? నీ చోటు నీకుంది, కషాయాలు చూసుకో."

"ఆ ముక్క వేసవిలోనే చెప్పి ఉండొచ్చుగా."

"చెబితే వెళ్ళిపోయేదానివి. కొట్లో ఎవరుంటారు?"

ఇన్నేళ్ళూ ఈ మనిషినేనా తను తండ్రికంటే ఎక్కువనుకున్నది? ఈలోగా హాల్లోంచి పిలుపు. కొత్త శిష్యుడి మొదటి పాఠం చూస్తామంటున్నారు అతిథులు.

"వాన్‌చియూ, చెయ్యి చాపమ్మా," అన్నాడు గెంగ్, అందరి ముందూ తీయగా.

చాపింది. లిన్ గుచ్చిన సూది వంకరగా దిగింది. గెంగ్ నవ్వేసి దాన్ని లాగి, తనే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇంకో సూది దించాడు. సూది సరైన చోట దిగిందని పొడిచినవాడు చెబితే చెల్లదు. చెయ్యి బరువెక్కిందని పొడిపించుకున్నవాళ్ళే చెప్పాలి. ఎంత పేరున్న వైద్యుడైనా ఆ మాట కోసం ఎదురుచూడాల్సిందే.

"తెలుస్తోందా?"

వేళ్ళు తిమ్మిరెక్కి, మోచెయ్యి దాకా రాయి కట్టినట్టు లాగేస్తోంది.

"లేదు గురువుగారూ."

ఆయన సూదిని మెలితిప్పాడు. "ఇప్పుడు?"

"ఏమీ తెలియడం లేదు."

వైద్యులు మొహమొహాలు చూసుకున్నారు. ఫాన్ గొంతు సవరించుకుని కొడుకు వంక చూశాడు. ఆమె అబద్ధమాడుతోందని గెంగ్‌కి తెలుసు. ఎందుకో కూడా తెలుసు. ఆ మాట నలుగురిలో ఏ మొహం పెట్టుకుని అంటాడు? నుదుట చెమట పట్టింది.

"ఇంకోసారి చూడనా?" అన్నాడు, బతిమాలుతున్నట్టు.

"మీ ఇష్టం గురువుగారూ," అని వాన్‌చియు రెండో చెయ్యి కూడా చాపింది.