కత్తెర రాకముందే

పరిశోధనశాలలో అందరూ ఆమెను ఆవాల మేడమ్ అనేవారు. పదకొండేళ్లుగా ఆవ మొక్కలు తప్ప మరో లోకం ఎరగని మనిషి. వాటికి నీళ్లు పోసే ముసలాయన స్వయానా ఆమె బాబాయి. ఇంట్లో ఉప్పూ నిప్పూలా ఉన్నా, మొక్కలు పెంచే గాజు గదిలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

పురుగు కొరికితే ఆవ మొక్క ఊరుకోదు. రెండు గంటల్లో ఆకుల్లో ఒక ప్రోటీన్ తయారుచేసుకుని పురుగుకు తిండి అరగకుండా చేస్తుంది. అది ఎక్కువగా తయారయ్యే రకం దొరికితే మందులు కొట్టే పని తప్పుతుంది. అందుకని ఆమె రోజూ తొమ్మిదింటికి వచ్చి ముందుగా చిన్న ఆకు ముక్క తీసేది. తర్వాత పురుగు కొరికినట్టే కత్తెరతో ఆకులకు గాట్లు పెట్టి, రెండు గంటలాగి ఇంకో ముక్క తీసేది. ఆకు రసం అద్దిన కాగితం మీద, ఆ ప్రోటీన్ ఉంటే నల్ల గీత పడుతుంది. అది రెండో ముక్కకే పడాలి.

ఆ సోమవారం మొదటి ముక్కకే పడింది.

ముక్కలు తారుమారయ్యాయేమో అనుకుంది. మర్నాడూ అంతే. వారమంతా అంతే. లెక్క వేసి చూసుకుంది. తొమ్మిదింటికి గీత పడాలంటే మొక్కలు ఏడింటికే సిద్ధమవుతూ ఉండాలి. ఏడింటికి తను ఇంట్లో జడ వేసుకుంటూ ఉంటుంది.

"బాబాయ్, పొద్దున్నే ఎవరైనా వీటిని ముట్టుకుంటున్నారా?"

"తాళంచెవి నా మొలలో ఉంటే ఎవరొస్తారే? ఓ పని చెయ్. సెలవు పెట్టు, ముక్కలు నేను తీస్తా."

రెండు రోజులు కాగితాలు తెల్లగా ఉన్నాయి. మూడో రోజు ఇంట్లో కాలు నిలవక, ఏడింటికి సంచీ భుజాన వేసుకుని గడప దాకా వెళ్లి, సెలవని గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ పూట కాగితాలన్నిటి మీదా నల్ల గీత పడింది. గడప దాకా వెళ్లిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ మొక్కల గింజలను తను ఎన్నడూ అడుగుపెట్టని వేరే భవనంలో బాబాయి చేత నాటించింది. మూడు వారాలు ఒక్క గీతా లేదు. ఇక చూసి వద్దామని ఒకరోజు ఏడింటికి బయల్దేరింది. తొమ్మిదింటికి ఆ భవనం గుమ్మంలోనే బాబాయి ఎదురొచ్చాడు. చేతిలోని కాగితాలు ఆమె ముందు పెట్టాడు.

"అన్నిటికీ పడిందమ్మా."

"ఇవి నన్ను చూడనేలేదు కదా బాబాయ్!"

"వీటి తల్లులు చూశాయిగా" అన్నాడాయన, నేలకేసి చూస్తూ.

ఆమె లోపలికి వెళ్లలేదు. పని ఇంకొకరికి అప్పగించి ఆఫీసు గదికి మారిపోయింది. కారణం అడిగితే కళ్లు లాగుతున్నాయంది.

ఆ మొక్కల రకం పొలాలకు చేరింది. పురుగు దాని జోలికి రావడంలేదని రైతులు మురిసిపోయి ఆమెకు సన్మానం పెట్టుకున్నారు. ఒంట్లో బాగాలేదని కబురు చేసింది. సభకు వెళ్లే దారికి రెండు వైపులా, కనుచూపు మేర, పూత మీదున్న ఆ చేలే.