ఉయ్యాలలో ఆయన

ఎనభై ఐదు దాటిన తిమ్మమ్మ చేత ఇంట్లోనే ఓటు వేయించడానికి ఎన్నికల సిబ్బంది వచ్చారు. మంచం ముందు అట్ట అడ్డుపెట్టి అందరినీ బయటికి పంపారు. మనవడి భార్య వనజ మాత్రం కదల్లేదు. జ్వరంతో ఏడ్చి ఏడ్చి ఆమె కొడుకు అప్పుడే ఉయ్యాలలో నిద్రపోయాడు.

"ఆయనను గూడ తీస్కపో," అంది తిమ్మమ్మ. చనిపోయిన భర్త పేరు నోటితో పలకదు కనుక, ఆ పేరే పెట్టిన మునిమనవడిని కూడా ‘ఆయన’ అనే అంటుంది.

"పసిపిలగానికి ఏం తెలుస్తది అవ్వా? జర పండనీ."

"బతికినన్నాళ్లు ఆయన చూపిన గుర్తుకే గుద్దిన. ఇయ్యాల నా ఇష్టమున్నోళ్లకు ఏస్త."

వనజ ఎత్తుకోగానే పిల్లవాడు గుక్కపట్టాడు. వాకిట్లో ఊపుతుంటే లోపలినుంచి ముసలామె తాపీగా అంది: "ఎంత మొత్తుకున్నా ఇయ్యాల వినేది లేదని చెప్పు ఆయనకు."