భుజమెక్కిన గండభేరుండం

ఏనుగులను సైతం గోళ్లతో ఎత్తుకుపోతుందని నమ్మి, పూర్వం రాజులు గండభేరుండాన్ని నాణేల మీద ముద్రించుకున్నారు. రాజ్యాలు పోయాక ఆ రెండు తలల పక్షి పనిలేక, పసిపిల్లల మీద పడి బతకడం మొదలుపెట్టింది. అది సముద్రం దాటి మా ఊరు అల్ఫారెట్టా దాకా వచ్చిందని దేదీప్య కూతురి బారసాల నాడు తెలిసింది. వీసా ఎవరిచ్చారో మరి.

దేదీప్యది మా వీధే. ఆ రోజు ఇంటి నిండా జనం. ఉయ్యాలకు బంతిపూలు కట్టింది శ్రీవల్లి. వాళ్లిద్దరూ ఎమ్మెస్ చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నవాళ్లు. దేదీప్యకు నొప్పులొచ్చిన నాడు భర్త శశికాంత్ ఆఫీసు పని మీద షామ్‌బర్గ్‌లో ఉండిపోతే, ఆస్పత్రికి తీసుకెళ్లిందీ శ్రీవల్లే. అంతకు ముందు వేసవిలో శ్రీవల్లికి పుట్టిన బిడ్డ వారం తిరక్కుండానే పోయాడు. ఈ బిడ్డనైనా ఒక్కసారి ఎత్తుకోవాలన్న ఆశ ఆమె మొహంలో కనబడుతూనే ఉంది.

ఉయ్యాలలో వేసే ముందు ఆడవాళ్లంతా బిడ్డను ఒకరి తరవాత ఒకరు ఎత్తుకుంటున్నారు. శ్రీవల్లి వంతు వచ్చేసరికి దేదీప్య తల్లి దమయంతి మధ్యలోకి వచ్చి, బిడ్డను అందుకుని తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టింది.

దుప్పటి సర్దడానికి వంగిన దేదీప్యను మెల్లగా అడిగాను.

“ఏమ్మా, శ్రీవల్లికి ఇవ్వరేం?”

“అమ్మ వద్దంటోంది అంకుల్. బిడ్డ పోయినవాళ్ల వెనకాల పక్షి తిరుగుతుందంట. దాని నీడ పడితే పాప చిక్కిపోతుందంట.”

“పూలు కట్టేటప్పుడు లేని నీడ ఇప్పుడెక్కణ్ణించి వచ్చిందే? కంప్యూటర్లకు తెలివి నేర్పేదానివి, నువ్వూ నమ్ముతావా?”

“నమ్మను అంకుల్. బట్ రిస్క్ ఎందుకు?”

శ్రీవల్లికి వినబడింది. రాలిన పూరేకులు ఏరే నెపంతో తల దించుకుంది.

నాకు చేతనైంది కోతలు కోయడం ఒక్కటే. గొంతు పెంచాను.

“దమయంతమ్మా, ఆ పక్షి శ్రీవల్లి దగ్గర ఎక్కడుంది? నిన్న వాకింగ్‌కి పోతుంటే వచ్చి నా భుజమెక్కింది. ఒక తల నా మోకాళ్ల నొప్పులు అడిగింది. రెండో తల, ఆ పిల్ల ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది తాతా, ఇక నీ దగ్గరే ఉంటాం అంది. గోళ్ల గాట్లు చూపిస్తానుండు, చొక్కా విప్పి.”

“దాని వీసా స్టేటస్ ఏంటి అంకుల్, హెచ్ వన్నా?” అన్నాడు శశికాంత్.

“డిపెండెంటు నాయనా. నా తిండే తింటోంది.”

ఇల్లంతా నవ్వింది. శ్రీవల్లి కూడా నవ్వి, చేతులు తుడుచుకుంటూ బిడ్డ కోసం నా వైపు వచ్చింది.

దమయంతి మాత్రం నవ్వలేదు. నా భుజం వంక చూసి, కూతురి వంక చూసింది. దేదీప్య మొహాన నవ్వు అలాగే ఉంచుకుని వచ్చి, “పాపకి నిద్రొస్తోంది అంకుల్,” అంటూ నా ఒళ్లోంచి బిడ్డను తీసుకుపోయింది. బిడ్డ కళ్లు విప్పార్చి చూస్తూనే ఉంది.

ముహూర్తానికి ఇంకా వ్యవధి ఉందని ముందు గదిలో పులిహోర పంచారు. ఎప్పుడూ కథ చెప్పమని నా మీద పడే పిల్లలను తల్లులు వేరే గదిలోకి పిలుచుకున్నారు. నా పక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. చివరికి శ్రీవల్లి వచ్చి అందులో కూర్చుంది.

“అదంతా ఒట్టి కోతేనమ్మా,” అన్నాను.

“నాకు తెలుసు అంకుల్. వాళ్లకీ తెలుసు.”

లోపల ఉయ్యాల పాట అందుకున్నారు. మమ్మల్ని రమ్మని ఎవరూ పిలవలేదు.