తిప్పే వేళ్లు

గడియారాలు బాగుచేసే ఆయనకి ఎడమ భుజం కింద, చర్మం లోపల ఓ చిన్న పెట్టె అమర్చారు. గుండె లయ తప్పితే షాక్ కొట్టి దారిలో పెట్టే పెట్టె. దాన్నుంచి ఓ తీగ గుండెలోకి వెళ్తుంది. పెట్టె ఆయన ఒంట్లో పెడితే, మంట ఆయన పెళ్లాం కడుపులో పుట్టింది.

కారణం ఆస్పత్రిలో ఆ పెట్టెని పరీక్షించే అమ్మాయి. ఆవిడ ఆ అమ్మాయికి 'రిమోట్ పిల్ల' అని పేరు పెట్టింది. ఆ పిల్ల ఆయన భుజానికి టీవీ రిమోట్ లాంటి పరికరమేదో ఆనించి, "మొన్న గుండె దడదడలాడింది కదా సార్?" అనేది. "అవునమ్మా, మెట్లెక్కాను," అని ఈయన మురిసిపోయేవాడు. ఇన్నేళ్లు కాపురం చేసిన పెళ్లానికి ఏనాడూ చెప్పని గుండె గుట్టు నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి తెలిసిపోతుంటే ఒళ్లు మండదూ?

మండింది. సాయంత్రాలు సోఫాలో ఆయన కుడిపక్కన కూర్చునే మనిషి మూతి ముడుచుకుని ఎదురు కుర్చీలోకి మారింది.

"ఇలా రావే," అన్నాడాయన.

"మీ పెట్టె ఉందిగా, దాంతో కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. టీవీ చూస్తూ చొక్కా మీంచి పెట్టెని తడుముకునేవాడు. ఆ పిల్లనే తలుచుకుంటున్నాడని ఆవిడ ఎదురుగా కూర్చుని కుళ్లిపోయేది.

ఓ ఉదయం కాఫీ తాగుతుండగా పెట్టె తన్నింది. కప్పు ఎగిరి గోడకి తగిలింది, ఆయన కింద పడ్డాడు. ఆస్పత్రికి వెళ్తూ కూడా, ఆ పిల్లని చూడ్డానికే పడ్డాడేమో అనుకుంది ఆవిడ. పాపిష్టి మనసు!

రిమోట్ పిల్ల ఎక్స్‌రే చూపించింది. గుండెలో ఉండాల్సిన తీగ ఊడొచ్చి, పెట్టె చుట్టూ దారపుండలా చుట్టుకుని ఉంది.

"గుండె బాగానే ఉంది. తీగ ఊడి, పెట్టె పొరబడి కొట్టింది. నిజంగా అవసరమై ఉంటే మాత్రం కాపాడేది కాదు. మళ్లీ ఆపరేషన్ చెయ్యాలి. పెట్టెని పైనుంచి తిప్పుతున్నారా సార్?"

"నేనా? అబ్బే, లేదమ్మా!"

అంటూనే ఉన్నాడు, ఆయన కుడిచేతి వేళ్లు భుజం కింద గడియారానికి కీ ఇస్తున్నట్టు మెల్లగా తిరుగుతున్నాయి.

"ఎప్పట్నుంచమ్మా ఈ అలవాటు?" అని ఆ పిల్ల ఆవిణ్ణి అడిగింది.

ఆవిడ తన ఉంగరం వంక చూసుకుంది. పెళ్లయిన కొత్త నుంచీ ఉన్న అలవాటే. పక్కన కూర్చుంటే చాలు, ఆవిడ వేలికున్న ఆ ఉంగరాన్ని తిప్పుతూనే ఉండేవాడు. అరిగిపోతుందండీ, వదలండి అని ఎన్నిసార్లు కసిరిందో! ఎదురు కుర్చీలోకి మారి, ఆ చేతిని తనే ఖాళీగా వదిలేసింది.

"తీగ సరిచేశాక ఆ చెయ్యి అటు పోకుండా ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి," అంది రిమోట్ పిల్ల.

ఆవిడ స్టూలు లాక్కుని మొగుడి కుడిపక్కన కూర్చుంది. ఆ చేతిని భుజం మీంచి దించి, అందులో తన చెయ్యి పెట్టింది.

"తిప్పుకోండి. అరిగితే అరగనీండి," అంది ఏడుస్తూ.