సువజార అవ్వకు గురువారం టికెట్

మడగాస్కర్‌లో ఎక్కడి నుంచి ఎక్కడికి ఎగరాలన్నా దాదాపుగా రాజధాని తానాలో దిగి మళ్ళీ ఎక్కాల్సిందే. సాంబావాలో నేను పనిచేసే టికెట్ల కొట్టులో ఈ మాట రోజుకు పదిసార్లు చెప్పాలి. నాకు ఎక్కువ మాట్లాడడం అలవాటు లేదు. అందుకని గోడకు దీవి పటం తగిలించాను. ఎవరైనా అడిగితే వేలితో చూపిస్తాను.

డిసెంబరు మొదట్లో సువజార అవ్వ వచ్చి ఆ పటం ముందు నిలబడింది. వెంట ఆమె మరిది తుంబు తాత ఉన్నాడు. ఆ ఇంట్లో ఏ పనికైనా అవునో కాదో చెప్పేది ఆయనే. అవ్వ మనవడు జౌమానన దీవికి ఆ కొసన, తులియారలో బడిపంతులు. అతని కొడుక్కి మొదటిసారి జుట్టు తీసే వేడుక క్రిస్మస్ ముందు శనివారం, మధ్యాహ్నం లోపల అయిపోవాలని జ్యోతిష్కుడు చెప్పాడట. వాళ్ళ ఇంట్లో మొదటి కుచ్చు కత్తిరించేది అందరికన్నా పెద్దామె. అవ్వ ఇప్పటికి ఇరవై మూడు తలలకు కత్తిరించింది. ఈ పిల్లాడు మొదటి మునిమనవడు. చనిపోయిన ఆమె భర్త పేరే వాడికి పెట్టారు.

అవ్వ వెళ్ళకపోతే ఆ పని ఎవరు చేస్తారని అడిగాను. పిల్లాడి అమ్మమ్మ జౌమానన వీధిలోనే ఉంటుందని చెప్పింది.

"కత్తెర సానపట్టించి పెట్టుకుందట ఆవిడ. జౌమానన నవ్వుతూ చెప్పాడు. నాకైతే నవ్వు రాలేదు."

కంప్యూటర్‌లో చూశాను. సాంబావా నుంచి తానాకు సోమవారం, గురువారం మాత్రమే విమానం. తానా నుంచి తులియారకు మంగళవారం, శుక్రవారం. వేడుక లోపు సోమవారం విమానాలన్నీ సెలవులకు ఇళ్ళకు వెళ్ళే కాలేజీ పిల్లలతో, వనిల్లా అమ్ముకున్న షావుకార్లతో, వాళ్ళ భార్యలతో నిండిపోయాయి. వేడుకకు ముందు గురువారం నాలుగు సీట్లున్నాయి. అదే చెప్పాను.

తుంబు తాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఇంటింటికీ ఏదో ఒక ఫాది ఉంటుంది, చెయ్యకూడని పని. మా ఇంట్లో మేకమాంసం ముట్టం. వాళ్ళ ఇంట్లో గురువారం ప్రయాణం మీద ఏ గడపా దాటరు. వాళ్ళ ముత్తాత ఒక గురువారం మూట భుజాన వేసుకుని బయలుదేరి, సాయంత్రానికి మొసలి నోట పడ్డాడు. అప్పటినుంచి గురువారం ఎక్కడికైనా చేరుకోవచ్చు గాని, ఎక్కడినుంచీ బయలుదేరకూడదు.

వేరే దారి వెతికాను. ఉత్తరంగా రెండు ఊళ్ళు, పడమరగా ఒకటి తిరిగి తానాకు చేరే దారి ఒకటి దొరికింది. నాలుగు విమానాలు, మూడు రాత్రులు. తానా చేరేదే శనివారం సాయంత్రం, తులియార చేరేది మంగళవారం.

"మంగళవారానికి వాడికి ఇంకోసారి మొలుస్తుంది," అంది అవ్వ.

రోడ్డు మీద వెళ్తే వానల్లో అయిదు రోజులు, అదీ వంతెనలు నిలబడితే. మా యజమానురాలు పెర్లీన్ అమ్మగారు లోపలి నుంచి, వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు, తొందరగా తేల్చమని కేకేసింది. అవ్వ పైబట్ట అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ పటం వైపే చూస్తోంది. నేను మళ్ళీ తెర వైపు తిరిగాను. అప్పుడు గాని విమానం వేళ చూడలేదు. గురువారం తెల్లవారుజామున నాలుగూ యాభై.

"తాతా, మీకు గురువారం ఎప్పుడు మొదలవుతుంది?" అన్నాను.

తాతను ఇంతవరకు ఎవరూ ఆ ప్రశ్న అడిగినట్టు లేదు. కోడి కూసినప్పుడు అన్నాడు. మన కోడి నడిరేయి కూడా కూస్తుంది, దాని మాట పట్టుకుంటే ఎలా అని అవ్వ అడ్డు తగిలింది. అయితే ఆకాశం తెల్లబడినప్పుడన్నాడు. మబ్బు పట్టిన రోజు సంగతేమిటని ఆమె అడిగింది. చివరికి సముద్రం మీద సూర్యుడు కనిపించేదాకా బుధవారమేనని తాత తేల్చాడు. డిసెంబరులో మా ఊళ్ళో సూర్యుడు అయిదు దాటాకే వస్తాడు.

"మరి ఆకాశంలో ఉండగా తెల్లారితే?" అంది అవ్వ.

"ఆకాశంలో గడపెక్కడుంది వదినా?"

తానాలో దిగడం చేరుకోవడమే కనుక దానికి అడ్డు లేదు. ఆ రాత్రికి అక్కడ అవ్వ మేనకోడలి ఇల్లు ఉంది. నేను తానా దాకా ఒకటి, తులియార దాకా ఒకటి, అవ్వ టికెట్లు రెండూ కలిపి అచ్చువేసి ఇచ్చాను. అవ్వ వాటిని మడిచి రవికలో పెట్టుకుంది.

ఆమెకు చదువు రాదు కనుక, ప్రయాణం రోజున నేను కూడా విమానాశ్రయానికి వెళ్ళాను. చీకటి ఉండగానే ముగ్గురం హాల్లోకి చేరాం. మూట తూశారు. అవ్వనూ తూస్తామన్నారు. బరువు పైకి చదవకపోతేనే ఎక్కుతానని ఆమె పట్టుబట్టింది. అంతా సవ్యంగా జరుగుతోందనుకుంటుండగా మైకులో చెప్పారు. తానాలో వాన వల్ల విమానం ఇంకా అక్కడినుంచి లేవలేదు. రెండు గంటలు ఆలస్యం.

హాలుకు తూర్పున పెద్ద అద్దం ఉంది. దాని అవతల కొబ్బరిచెట్లు, సముద్రం. అవ్వ అద్దం వైపు వీపు పెట్టి కూర్చుంది. కాసేపటికి ఆమె ముందున్న గోడ ఎర్రబడింది. తుంబు తాత టోపీ తల మీద పెట్టుకున్నాడు.

ఏడింటికి విమానం వచ్చింది. అందరూ లేచి వరసకట్టారు. బయటికి వెళ్ళే తలుపుకు, వాననీళ్ళు లోపలికి రాకుండా, బెత్తెడు ఎత్తున ఇనప గడప ఉంది. అవ్వ మూటతో దాని ముందు దాకా వచ్చి ఆగిపోయింది. వెనకనున్న షావుకారు, దాటితే దాటు, లేకపోతే పక్కకు జరుగు అవ్వా అన్నాడు. ఆమె పక్కకు జరిగింది. వరస ముందుకు కదిలింది. టికెట్లు చింపే అమ్మాయి, ఇంకో పది నిమిషాల్లో తలుపు వేస్తామని, మళ్ళీ సీటు దొరికేది జనవరిలోనేనని చెప్పింది.

"ఇరవై మూడు తలలు పిల్లా," అంది అవ్వ నాతో, మెల్లగా. "ఆయన పేరు పెట్టుకున్న తల ఒక్కటే..."

తలుపు పక్కన కాపలా అతను చక్రాల కుర్చీలో కూర్చుని వేయించిన అరటిపండు తింటున్నాడు. ఆ కుర్చీని వేరే పనికి వాడగా నేను చూడలేదు. దగ్గరికి వెళ్ళి, అది కావాలన్నాను.

"ఇది నడవలేనివాళ్ళకు."

"మా అవ్వ నడవలేదు."

"ఇందాక నా ముందే నడిచొచ్చిందిగా?"

"అది బుధవారం," అన్నాను.

అతను నమలడం ఆపాడు. "మరి ఎప్పటికి నడుస్తుంది?"

"రేపు పొద్దున్నుంచి."

అతనిదీ ఈ చుట్టుపక్కల ఊరే. ఇంకేమీ అడగకుండా లేచి, కుర్చీలో రాలిన తునకలు దులిపాడు. కాని అవ్వ కూర్చోలేదు. మరిది వైపు చూసింది. నేనూ చూశాను. టికెట్ల అమ్మాయి గడియారం చూసింది.

తుంబు తాత కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రం నొక్కి చూశాడు.

"ముత్తాత ఆ రోజు ఎలా వెళ్ళాడు వదినా?"

"నడిచే వెళ్ళాడు. నీకు తెలియదా?"

"తెలుసు. కాళ్ళతో దాటాడు. కుర్చీలో దాటితే ఏమయ్యేదో పెద్దవాళ్ళు చెప్పలేదు."

"అప్పుడు కుర్చీ ఎక్కడిది?"

"అందుకే చెప్పలేదు," అన్నాడు తాత. "చెప్పనిదాన్ని మనం కొత్తగా కల్పించకూడదు. కూర్చో. కాళ్ళు మాత్రం నేలకు తగలనివ్వకు."

అవ్వ కూర్చుంది. ఒళ్ళో మూట పెట్టుకుని, రెండు కాళ్ళూ కర్రల్లా ముందుకు చాచింది. కుర్చీ గడప మీద ఒక్క కుదుపు కుదిపి అవతలికి దిగింది. కాపలా అతనూ, సామాను మోసే అతనూ కలిసి మెట్ల మీదుగా ఆమెను పైకి ఎత్తుకెళ్ళారు. విమానం లోపలికి పోయేదాకా ఆ కాళ్ళు అలాగే చాచి ఉన్నాయి. తుంబు తాత గడపకు ఇవతలే నిలబడి చూశాడు. ఆయనకు ప్రయాణం లేదు గాని, ఎందుకైనా మంచిదని.

గురువారమంతా అవ్వ మేనకోడలి ఇంట్లో మంచం దిగలేదట. శుక్రవారం పొద్దున అందరికన్నా ముందు నడిచి విమానం ఎక్కిందట. ఇవి జౌమానన తర్వాత చెప్పిన సంగతులు.

శనివారం మధ్యాహ్నం కొట్టు మూసే వేళకు ఫోను మోగింది. వెనక పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, ఆడవాళ్ళు పాడుతున్నారు. అవ్వ ఫోనును నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని అరుస్తోంది.

"పిల్లా, మొదటి కుచ్చు నాదే. తల తిప్పేశాడు గాని వదల్లేదు."

"మరి వాళ్ళ అమ్మమ్మ?"

"ఇక్కడే ఉంది, నా పక్కనే. రెండో కుచ్చు ఆమెకిచ్చాను, పాపం. కత్తెర మటుకు బాగా తెగుతోంది, నిజం చెప్పాలి." గొంతు తగ్గించాననుకుని ఇంకాస్త గట్టిగా చెప్పింది. "ఆచారం ప్రకారం జుట్టు తేనెలో కలిపి అందరికీ తినపెట్టారు. తేనె అమ్మమ్మ వాళ్ళే తెచ్చారు. పలచన."