వట్టి చేతుల వేటగాడు

ధనరాజు పోయి ఐదు నెలలైంది. ఇప్పుడు అతని భార్య కనకని ఏడుపుకన్నా ఎక్కువగా ఒక సందేహం తినేస్తోంది.

దాన్ని రేపినవాడు సంఘం పెద్ద సర్వేశ్వరరావు. అరకు నుంచి కొండెక్కి వచ్చి, పసిదాని తల నిమిరి, మెల్లగా మొదలెట్టాడు.

"అమ్మా, చైత్రంలో ఇటుకల పండగ సాయంత్రం, వేట ముగిశాక, ఊరంతా ఇక్కడే ఉంటుంది. ధనరాజు జ్ఞాపకార్థ కూడిక ఆ రోజే పెట్టుకుందాం. కానీ ఒక్క మాట. మనం మెనోనైటు క్రైస్తవులం. ఆయుధం పట్టం, ఒట్టు వెయ్యం. మరి ధనరాజు ఏటేటా పండగ వేటకి ఎందుకెళ్ళేవాడు? పాత మొక్కుల్లోకి తిరిగిపోయాడని నలుగురూ అంటున్నారు. సంగతి తెలియకుండా నేను ఆయన గురించి సాక్ష్యం చెప్పలేను."

కనక, కూతురు మార్తని చంకనేసుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఈ గుంట పెద్దదయ్యాక ఎవరైనా 'మీ అయ్య మాట తప్పినోడు' అంటే ఏటి చెప్పుకోవాలి?

మాట తప్పే మనిషా ఆయన? ఆరో తరగతిలో బడి మానేసిన తనకి బైబిలు కూడబలుక్కుని చదవడం నేర్పింది ఆయనే. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు కట్టేటప్పుడు, తోటి మగోళ్ళు నవ్వుతున్నా, పసిదాన్ని వీపున కట్టుకునే కట్టేవాడు. అడవిపందులు చోడిచేను తొక్కేసినా ఉచ్చు పెట్టలేదు. మంచె మీద కూర్చుని డబ్బా వాయించేవాడు, అంతే. అలాంటోడు చైత్రం వచ్చేసరికి వేటకి తయారు! విల్లు లేదు, బల్లెం లేదు. భుజాన నీళ్ళబుర్ర ఒక్కటే.

సాయంత్రం ఒళ్ళంతా పేడనీళ్ళు కారుతూ ఇల్లు చేరేవాడు. ఆ ఊరి ఆచారం అది. వేట దొరక్కుండా తిరిగొచ్చిన మగోళ్ళ మీద ఆడోళ్ళు పేడనీళ్ళు కుమ్మరించి ఆట పట్టిస్తారు.

"వేటాడనోడివి ఎందుకెళ్తావు మావా?" అని ఒక ఏడు నిలదీసింది.

"అడక్కే. అడిగితే నిజం సెప్పాలి. సెప్తే ఒకడి పరువు పోద్ది," అని నవ్వుకుంటూ వాగుకి స్నానానికి పోయాడు.

ఎవడా ఒకడు? అప్పుడు వదిలేసిన ప్రశ్న ఇప్పుడు పళ్ళ సందున నారలా ఇరుక్కుంది.

పక్కింటి దేముడమ్మనడిగింది. పేడనీళ్ళు పొయ్యడంలో ఊళ్ళో ఆవిడని మించినవాళ్ళు లేరు.

"నీ మొగుడు ఎందుకెళ్ళీవోడో నాకేటి తెలుసే?" అంది దేముడమ్మ. "అందరికన్నా ముందు నడిసొచ్చీవోడు. మా కడవలన్నీ ఆడి మీదే కాళీ అయిపోయీవి. ఎనకోళ్ళ మీద పోద్దామంటే సుక్క మిగిల్తేనా! ఈ ఏడు సూడు, ఒక్కొక్కడికీ తల్లో పేడ మొలకెత్తాల."

ముందు నడిచేవాడా? ఈ సంగతి కొత్తగా ఉంది. వేటకి పెద్ద సుక్రు. కనక అటు నడిచింది. ముసిలాయన బాణానికి ఈక కడుతూ తలెత్తలేదు.

"నా నోటంట రాదమ్మా. పండగనాడు పొద్దువాలేక వాగు కాడికి రా. నువ్వే సూసుకో."

పండగ రోజు పొద్దుట్నుంచీ మార్తకి దగ్గు. ఛాతీలో గురగురమంటోంది. వాము వేసి కాచిన నూనె రాసి, గుడ్డలో చుట్టుకుని, వెళ్ళనా వద్దా అని పదిసార్లు ఊగిసలాడి, చివరికి వాగు దాకా వెళ్ళింది.

మగోళ్ళంతా అక్కడే నిలబడి ఉన్నారు. అందరివీ వట్టి చేతులే. గట్టు మీద నుంచి ఆడోళ్ళ పాటలు, నవ్వులు వినబడుతున్నాయి. సుక్రు కొడుకు ధర్మ బండ మీద తల దించుకుని కూర్చున్నాడు.

"మీరు ఎల్లండి. నాను రాను," అంటున్నాడు.

సుక్రు కనకని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "ఇంక దాసి లాభం లేదమ్మా. ఈడి పెళ్ళైన ఏడు ఇలాగే వేట దొరకలేదు. కొత్త పెళ్ళాం ముందర పేడనీళ్ళు పోసి నవ్వితే ఓర్సుకోలేక అడివిలోకి ఎళ్ళిపోనాడు. మూడోనాడు దొరికినాడు, ఒళ్ళు కాలిపోతా. మరుసటేడు మీ ఆయన నీళ్ళబుర్ర తగిలించుకుని వచ్చినాడు. 'ముందు నేను నడుత్తాను, నా ఎనకాలే రా' అన్నాడు. అప్పట్నించీ మావోడు పొడి బట్టల్తోనే ఇల్లు సేరతన్నాడు."

ఇదా సంగతి! కనకకి నవ్వొచ్చింది, ఆ మనిషి మీద కోపమొచ్చింది, కళ్ళు నిండిపోయాయి. అన్నీ ఒక్కసారే.

తిన్నగా ధర్మ దగ్గరికెళ్ళి పసిదాన్ని వాడి చేతుల్లో పెట్టింది.

"దగ్గుతోంది, తడవనీకు. నా ఎనకాలే రా."

"వదినా, నువ్వు..."

"రమ్మన్నానా!"

కనక ముందు నడిచింది. వరస వెనక కదిలింది. గట్టు మీద దేముడమ్మ ఎత్తిన కడవ గాల్లోనే ఆగిపోయింది.

"ఓలమ్మా! ఆడదాని మీద పోత్తామేటే? పిచ్చెక్కిందా, కనకా?"

"ఆయన సోటు కాళీగా ఉందత్తా. ఎత్తిన కడవ దింపకు. పొయ్యి!"

దేముడమ్మ ఒక్క క్షణం చూసి పోసింది. ఆ తర్వాత అందరూ పోశారు. చల్లగా, కంపు కొడుతూ, ముక్కులోకీ నోట్లోకీ. ధనరాజు ఏటేటా ఇంత కంపు మోశాడా అనుకుంటే కనకకి నవ్వాగలేదు. వెనక పసిబిడ్డని ఎత్తుకున్న ధర్మ మీద ఎవ్వరూ చుక్క చల్లలేదు.

ఇంటి అరుగు మీద సర్వేశ్వరరావు బైబిలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఏంటమ్మా ఇది?"

కనక నోరు తెరిచింది. జవాబు నాలుక చివరే ఉంది. వెనకున్న ధర్మని తలుచుకుని మూసేసుకుంది.

"అడక్కండి. అడిగితే నిజం చెప్పాలి."

పెద్దాయన మొహం ముడుచుకుంది. ధర్మ ఆమెని దాటుకుని ముందుకొచ్చాడు.

"నాను సెప్తానండి, కూడికలో, అందరి ముందరా. ధనరాజన్న వేటకి ఎందుకెళ్ళీవోడో నాకే తెలుసు." పసిదాన్ని ఒంటికి దూరంగా ఎత్తి పట్టుకున్నాడు. "అంతకు ముందు ఈ గుంటని బేగి ఎవరైనా అందుకోండి. సొక్కా అంతా తడిపీసింది."